నలభై మూడు కేకు డబ్బాలు

మా పెళ్లి ప్రకటన గుడిలో మొదటిసారి చదివిన ఆదివారం సాయంత్రానికే నా ముందు పళ్లు రెండు పోయాయి. కొట్టింది నేను చేసుకోబోయే ఎలిశిబాకు అన్న, పేతురు. కొట్టే ముందు చేతి గడియారం విప్పి పక్కవాడికి ఇచ్చాడు. అది చూసి అప్పుడే అనుకున్నాను, ఈ మనిషి కోపంతో రాలేదు, పని పెట్టుకొని వచ్చాడని. కోపంతో వచ్చినవాడు ఒకసారి కొట్టి పోతాడు. పని పెట్టుకొని వచ్చినవాడు అది అయ్యేదాకా వస్తూనే ఉంటాడు.

"పంచాయితీల సాక్ష్యం జెప్పిన నోరు గిదేనా?" అన్నాడు.

అదేనన్నాను. అబద్ధమాడి లాభం లేదు, నోరు నా ముఖం మీదే ఉంది.

మటన్ దుకాణం వెనక సందులో పడేసి కొట్టాడు. మొదటి దెబ్బకు పెదవి చీలింది. రెండో దెబ్బకు పళ్లు ఊడి నాలుక మీద పడ్డాయి. కింద పడ్డాక పక్కటెముకల్లో బూటుతో నాలుగు తన్నాడు. గడియారం తీసుకొని కట్టుకుంటూ, "వచ్చే ఆదివారం ఆ పెండ్లి చీటీ సదవొద్దని అయ్యగారికి నువ్వే జెప్పు" అన్నాడు.

ఆ సాక్ష్యం సంగతి ఇది. రెండేళ్ల కిందట పేతురు గుడి ఆవరణలో డప్పు కొట్టే మనిషి దవడ పగలగొట్టాడు. చూసినవాళ్లు ముప్పైమంది ఉంటారు. సంఘం పెద్దలు పిలిచి అడిగినప్పుడు చెప్పింది నేనొక్కడినే. ధర్మం కోసం చెప్పానని గొప్పలు పోను. ఆ డప్పు మనిషి చుట్టాలంతా మా బేకరీకి రోజూ వచ్చేవాళ్లు, పేతురు ఎన్నడూ రానివాడు. ఎటు మొగ్గితే ఏం పోతుందో తూచుకొని చెప్పాను. పేతురును కమిటీలోంచి తీసేశారు. రెండు లారీలు తిప్పే మనిషికి గుడిలో ముందు బెంచీ పోయి వెనక బెంచీ వచ్చింది. అది మరిచిపోయే రకం కాదు.

మెదక్ బస్టాండు నుంచి పెద్దగుడికి, అంటే మా చర్చికి, పోయే దారిలో మా బేకరీ. అరవై ఆరులో ఊళ్లో రొట్టెలు కాల్చే భట్టీ అదొక్కటే. ఇటుకలతో గుమ్మటంలా కట్టింది, కట్టెలతో కాగేది. దాన్ని నడిపించే మేస్త్రీ యూనుస్ భాయి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, సికింద్రాబాదులో పని నేర్చినవాడు.

మా సంఘంలో ఒక వాడుక ఉంది. క్రిస్మస్‌కు రెండు మూడు రోజుల ముందు ఇంటింటి ఆడవాళ్లు కేకు పిండి ఇంట్లోనే కలిపి, డబ్బాల్లో పోసుకొని మా దగ్గరికి తెస్తారు. మేం కాల్చి ఇస్తాం. గుడ్లు వాళ్లవే, చక్కెర వాళ్లదే, నెయ్యి వేస్తారో డాల్డా వేస్తారో వాళ్ల శక్తి. డబ్బాకు పేరు చీటీ అంటించినా నమ్మకం చాలదు. తమ డబ్బా బయటికి వచ్చేదాకా భట్టీ ముందు చాపలు పరుచుకొని కూర్చుంటారు. మగవాళ్లు ఆ దరిదాపులకు రారు. డబ్బా ఎప్పుడు పోయిందో ఎప్పుడు వచ్చిందో వాళ్లకు పట్టదు. తినడమే తెలుసు.

ఎలిశిబా ఆడపిల్లల బడిలో టీచరు. మొగుడు పోయి నాలుగేళ్లు, అన్న ఇంట్లో ఉండేది. అంతకు ముందు క్రిస్మస్‌కు ఆమె కేకు మా చేతుల్లో మాడింది. నేను మా సరుకుతో ఇంకోటి చేయించి కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆమె విప్పి చూసింది.

"ఇది నాది కాదు."

"మీదానికంటె మంచిగనే ఉంటది టీచరమ్మా. తీస్కపోండ్రి."

"మంచిదా చెడ్డదా అని అడిగిన్నా? నాది నాకియ్యుండ్రి."

"మాడింది."

"మాడగొట్టిందెవరు?"

"మేమే."

"గా మాట ముందే జెప్పొచ్చు గదా! కాగితాలు చుట్టుడెందుకు?"

మాడిన కేకు తీసుకొని పోయింది. ముప్పై ఆరేళ్లు వచ్చినా పెళ్లి మాట ఎత్తనివాణ్ని. ఆ రోజు గల్లా ముందు కూర్చొని చాలాసేపు ఎవరికి ఏమిచ్చానో గుర్తులేదు. తరువాత ఆమె శనివారం శనివారం బన్నులకు రావడం మొదలుపెట్టింది. సెప్టెంబరులో అడిగేశాను.

"టీచరమ్మా, నన్ను చేసుకుంటరా?"

"అడగనీకి ఇంత సేపా? మీ బన్నులు తిని తిని నా జాకెట్లన్ని బిగుతైనయి" అన్నది.

గుడిలో పెళ్లి అంటే మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వాళ్లకు వివాహం, న్యాయమైన అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు అని. మా పాస్టరు అయ్యగారు దానికి ఇంకో కట్టు పెట్టాడు. మూడో ఆదివారం ఇద్దరూ సంఘం ముందు నిలబడి సమ్మతం అని నోటితో చెప్పాలి. ఒక్కరు రాకపోయినా మూడు ప్రకటనలూ కొట్టేసి మళ్లీ మొదటి నుంచి. డిసెంబరు నాలుగున మొదటిది, పదకొండున రెండోది, పద్దెనిమిదిన మూడోది. క్రిస్మస్ అయిన బుధవారం పెళ్లి.

సోమవారం మధ్యాహ్నం బడి విరామంలో ఎలిశిబా బేకరీకి వచ్చింది. దగ్గరికి వచ్చి నా ముఖం చూసింది. ఆమె ఎడమ చెంప కూడా ఉబ్బి ఉంది.

"బన్ను నమలొస్తదా?" అన్నది.

"పాలల్ల ముంచుకుంట తింటున్న. మీ చెంపకేమైంది?"

"ఒక్కటి గొట్టిండు. నేను చెయ్యి గొరికిన. ఇద్దరం సరిసమానం." నవ్వలేదు. "యాకోబుగారూ, జర ఇనుండ్రి. పద్దెనిమిది దాటితే మా అన్న నన్ను జహీరాబాద్ చిన్నమ్మ ఇంటికి తోలుతడు. ఆడ ఒక ముసలాయనకు మాట ఇచ్చి పెట్టిండు. మళ్ల మొదటికెల్లి అంటే నాతోని గాదు. ఉంటే ఈ మూడో ఆదివారమే, లేకుంటే లేదు."

"ఠాణాకు పోదామంటరా?"

"మీకెట్ల అనిపిస్తుంది?"

నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. ఠాణాకు పోతే రెండు పార్టీలనూ లోపల కూర్చోబెడతారు. పేతురు లోపల ఉంటే అతనికి పోయేదేమీ లేదు. నేను లోపల ఉంటే మూడో ఆదివారం పోతుంది. వద్దన్నాను. ఆమె తల ఊపి బడి గంట వినబడగానే పోయింది.

రెండో ఆదివారం ప్రకటన చదివారు. ఎవరూ లేవలేదు. వెనక బెంచీలో పేతురు పాటల పుస్తకం తెరిచి తలవంచుకొని కూర్చున్నాడు.

మంగళవారం నేను ఏడుపాయల దారిలో కట్టెల బేరం చేసుకొని సైకిల్ మీద వస్తున్నాను. కల్వర్టు దగ్గర పేతురు లారీ అడ్డంగా ఆగి ఉంది. శంకరంపేట నుంచి తెచ్చిన ఇద్దరు మనుషులు దిగి నన్ను సైకిల్‌తో సహా కింద పడేశారు. ఒకడు వీపు మీద కూర్చున్నాడు. పేతురు నా ముఖం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చీటీ సదవొద్దని జెప్పమంటి గదరా."

"చెప్పలే."

"పిండి పిసికేది ఏ చేత్తోని?"

"ఎడమ చేత్తోని" అన్నాను.

అది అబద్ధం. నేను అన్నీ కుడిచేత్తోనే చేస్తాను. కానీ ఒక చెయ్యి పోక తప్పదని తెలిసినప్పుడు ఏది పోవాలో చూసుకోవాలి. ఎడమ చేతిని కల్వర్టు గోడ మీద పరిచి, పేతురే రాయి ఎత్తి వేశాడు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ రెండు చోట్ల విరిగాయి. నేను అరిచిన అరుపుకు చెరువు వైపు కొంగలు లేచాయి. ఇంకోసారి ఎత్తబోయాడు. దారిలో ఎడ్లబండి కనబడి ఆగాడు.

"ఇగ నీ మీద చెయ్యి జేసుకునుడు బంద్" అన్నాడు లేస్తూ. "శనివారం నాడు నీ భట్టీ ఉండది. భట్టీ లేనోడు ఆదివారం గుడికి ఏ మొకం పెట్టుకొని వస్తవో చూస్త."

మిషన్ దవాఖానలో చెయ్యి కట్టించుకొని బేకరీకి వచ్చేసరికి నా మనసులో ఒక దారి తయారైంది. భట్టీ నాది కాబట్టి పగలగొడతానంటున్నాడు. ఆ భట్టీ నిండా ఊరందరి కేకులు ఉంటే? వాటి ముందు ఊరి ఆడవాళ్లందరూ కూర్చుని ఉంటే? అందులో అతని భార్య సుశీల కూడా ఉంటే? ఏ మగవాడూ అడుగు ముందుకు వెయ్యడు.

బుధవారం పొద్దున గుడి వీధిలో కబురు చేశాను. వచ్చే వారం హైదరాబాదు నుంచి పెద్ద ఆర్డరు ఉంది, కాబట్టి ఈసారి కేకు డబ్బాలు శనివారమే తేవాలి, తరువాత తెస్తే కుదరదు అని. ఆర్డరూ లేదు, ఏమీ లేదు. ఆడవాళ్లు నన్ను తిట్టారు గాని తెస్తామన్నారు. వారం ముందు కాల్చినా కేకు చెడిపోదు.

యూనుస్ భాయి ఒక్కడికే అసలు సంగతి తెలుసు. నచ్చలేదు.

"సేట్, ఆడోళ్లను అడ్డం బెడ్తున్నవ్."

"అడ్డం పెడ్తలే భాయి. కేకులు కాలుస్తున్న."

"నాతోని గూడ గట్లనే మాట్లాడ్తవా?"

"వాళ్లను జూస్తే వాడు వెనక్కి పోతడు. ఎవ్వరికి ఏం గాదు."

"జూస్తే" అని మాత్రం అని పిండి జల్లెడ పట్టుకున్నాడు. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. నా కుడిచేతిని కాపాడుకున్న తెలివి మీద అప్పుడు నాకు మహా నమ్మకంగా ఉంది.

శనివారం పన్నెండుకల్లా నలభై మూడు డబ్బాలు వచ్చాయి. ఇత్తడి గిన్నెలు, బిస్కెట్ల టిన్నులు, సగానికి కోసిన డాల్డా డబ్బాలు. అన్నిటికంటే చిన్నది జ్ఞానమ్మది. ఆమె గుడి ఊడ్చే ముసలమ్మ. మూడు గుడ్లతో కలిపిన పిండి అది. ఎలిశిబా వచ్చింది, వదిన సుశీలతో పాటు ఒకే డబ్బా తెచ్చుకొని. శనివారమే ఎందుకని ఆమె అడగలేదు. చాపలు పడ్డాయి. కబుర్లు, దెప్పుళ్లు మొదలయ్యాయి.

"యాకోబూ, నీకు పండ్లు లేవని మా కేకులు మెత్తగ కాలుస్తవేమో, జర చూస్కో!" అన్నది జ్ఞానమ్మ.

"నీకున్నయా ఏంది పెద్దమ్మా?"

"నాకు పెండ్లి లేదు గదరా. నీకు పెండ్లి ముంగట బోయినయి!"

అందరూ నవ్వారు. ఎలిశిబా కూడా నవ్వింది. నేను వీధి వైపు చూస్తూ నిలబడ్డాను. రెండు గంటలకు యూనుస్ భాయి నిప్పులు పక్కలకు లాగి, భట్టీ లోపలి నేల ఊడ్చి, డబ్బాలన్నీ పొడవాటి చెక్క పారతో లోపలికి నెట్టి ఇనుప తలుపు వేశాడు. పైన పొగ గొట్టం మీద ఇటుక కప్పాడు.

వీధిలో పేతురు రాలేదు. రెండున్నర అయింది. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

పేతురు వెనక సందులోంచి వచ్చాడు. మా వెనక గోడ ఎత్తుగా ఉంటుంది, మనిషి ఎక్కలేడు. కానీ లారీ గోడకు ఆనించి నిలబెడితే దాని మీద నుంచి మా పైకప్పు మీదికి ఒక్క అడుగు. అక్కడి నుంచి చూస్తే భట్టీ గుమ్మటం, పొగ గొట్టం కనబడతాయి. గుమ్మటం అడ్డం వచ్చి ముందు చాపల మీద కూర్చున్నవాళ్లు కనబడరు, లారీ ఇంజను మోతలో వాళ్ల మాటలూ వినబడవు. సంఘం కేకులు క్రిస్మస్‌కు రెండు మూడు రోజుల ముందు కాలుస్తారని అతను చిన్నప్పటి నుంచి ఎరుగును. ఈసారి రోజు మారిందని అతనికి ఎవరు చెబుతారు? ఇంట్లో భార్య పిండి కలుపుతుంటే మగవాడు అడగడు. లోపల ఉన్నది నా రొట్టెలే అనుకున్నాడు. నేను పెట్టిన అడ్డం అతనికి కనబడనే లేదు.

కాగిన భట్టీని చంపడానికి గునపం అక్కర్లేదు. చల్లటి నీళ్లు చాలు. లారీలో డ్రమ్ము నిండా నీళ్లు తెచ్చాడు. ఇద్దరు మనుషులూ అతనూ కలిసి డ్రమ్మును పైకి ఎత్తి, పొగ గొట్టం మీద ఇటుక తీసి, ఒక్కసారి వంచేశారు.

సరిగ్గా అప్పుడే జ్ఞానమ్మ లేచింది. తన డబ్బా పొంగిందో లేదో చూసుకుందామని వెళ్లి, ఇనుప తలుపు జానెడు తీసి వంగింది.

"అమ్మా, పక్కకు రా! తెరవొద్దు!" అని యూనుస్ భాయి అరుస్తూనే ఉన్నాడు.

చెరువు కట్ట మందుపెట్టి పేల్చినట్టు చప్పుడైంది. తలుపు ఊడి యూనుస్ భాయి భుజానికి తగిలి అవతల పడింది. ఆవిరి, బూడిద, నిప్పులు కలిసి ఒక్క తోపుగా బయటికి వచ్చాయి. జ్ఞానమ్మ ఆ తోపులో కనబడకుండా పోయి, వెల్లకిలా చాప మీద పడింది. ముఖం కుడి సగం, మెడ, కుడి చెయ్యి తెల్లగా ఉడికి, చూస్తుండగానే చర్మం ముడుచుకుపోయింది. ఆమె అరవలేదు. నోరు తెరిచి మూస్తూ ఉంది. భట్టీ ముందు గోడ పై నుంచి కింది దాకా పగిలింది. ఆ పగులులోంచి పచ్చిపిండి, బూడిద నీళ్లు కలిసి బయటికి కారాయి.

రెండు క్షణాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత సుశీల పైకి చూసింది. పొగలోంచి తన మొగుడు ఖాళీ డ్రమ్ము పట్టుకొని కప్పు అంచున నిలబడి కనబడ్డాడు.

"నీ చేతులు పడిపోను!" అని ఆమె వేసిన కేకకు మిగతావాళ్లందరూ తలలెత్తారు.

శంకరంపేట మనుషులు లారీ ఎక్కి పారిపోయారు. లారీ కదిలిపోయేసరికి పేతురు కప్పు మీద ఒక్కడే మిగిలాడు. దిగడానికి ముందు వైపు కట్టెల మోపులు తప్ప దారి లేదు. దిగుతూనే, "నాకెర్కలే! మీరున్నరని నాకెర్కలే!" అన్నాడు. అది నిజమే. నిజాన్ని వినే స్థితిలో అక్కడ ఎవరూ లేరు. మొదటి కట్టె సుశీల ఎత్తింది. నడుము మీద వేసింది. ఆ తరువాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. కట్టెలు, చెక్క పార, ఖాళీ గిన్నెలు. అతను చేతులతో తల కప్పుకొని ముద్దగా చుట్టుకున్నాడు. చెవిలోంచి నెత్తురు కారింది.

నాకు నిప్పులు లాగే ఇనుపకోల దొరికింది. కుడిచెయ్యి బాగానే ఉంది కదా. ఆడవాళ్లను తప్పుకోమని, అతని కాలు చాచి ఉన్న సమయం చూసి, మోకాలి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నా చేతికి తెలిసింది. మనసు చల్లబడుతుందనుకున్నాను, చల్లబడలేదు. రెండో మోకాలికి ఎత్తాను. ఎలిశిబా ఇనుపకోల కొస పట్టుకుంది. అది ఇంకా వేడిగా ఉంది. అయినా వదల్లేదు.

"ఆమె దిక్కు చూడు" అన్నది. నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. "అక్కడ ముసలామె పాణం బోతుంటే నీకు మోకాళ్లు గావాల్నా?"

ఊళ్లో దొరికింది ఒక్క ఎడ్లబండి. జ్ఞానమ్మను ఒక పక్క పడుకోబెట్టారు, పేతురును ఇంకో పక్క. యూనుస్ భాయి భుజం పట్టుకొని నడిచాడు. దారి పొడుగునా పేతురు ఏడుస్తూనే ఉన్నాడు. జ్ఞానమ్మ ఒక్కసారి మాత్రం నీళ్లు అడిగింది.

దవాఖాన వరండాలో ఇంకా ఎండ ఉంది. ఎలిశిబా అరచేతికి కట్టు కట్టించుకొని నా పక్క బల్ల మీద కూర్చుంది. ఆడవాళ్లంతా పేతురునే తిడుతున్నారు. నా మాట ఎవరికీ తోచలేదు. ఆమెకు తోచింది.

"గీసారి శనివారమే ఎందుకు బెట్టినవ్?"

హైదరాబాదు ఆర్డరు అని చెప్పవచ్చు. యూనుస్ భాయి నోరు విప్పడు. రేపు పొద్దున ఆమె సమ్మతం అంటుంది, పెళ్లవుతుంది, ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇటు వైపు అంతా లాభమే. లోపలి గదిలో జ్ఞానమ్మ మూలుగు వినబడింది. అంతవరకూ ఏ బేరంలోనూ నేను అటు వైపు తక్కెడ తట్టలో ఏముందో ఎత్తి చూడకుండా ఉండలేదు. ఈసారి ఎత్తి చూడడానికి భయం వేసింది. అయినా చెప్పాను. పేతురు శనివారం వస్తానన్న సంగతి, నేను కావాలని డబ్బాలు పిలిపించిన సంగతి, యూనుస్ భాయి వద్దన్న సంగతి.

ఆమె అంతా విని లేచింది.

"నన్ను గూడ గూసుండబెట్టినవ్ గదా ఆ చాప మీద."

"ఔ."

"రేపు గుడికొస్త. ఏం జెప్తనో ఆడనే ఇను."

ఆదివారం గుడి నిండింది. వెనక బెంచీలో పేతురు చోటు ఖాళీ. అయ్యగారు మూడో ప్రకటన చదివి, అభ్యంతరాలు ఉన్నాయా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. మమ్మల్ని ముందుకు పిలిచాడు. ఆయన ఏమీ అడగకముందే ఎలిశిబా, "అయ్యగారూ, ముందుగాల యాకోబు సంఘానికి ఒక మాట జెప్పాలె. అది ఇన్నంక నన్ను అడగుండ్రి" అన్నది.

చెప్పాను. పళ్లు లేని నోటితో మాటలు సరిగా రాలేదు. అయినా అందరికీ అర్థమైంది. వరండాలో చెప్పింది చెప్పినట్టే చెప్పాను, ఒక్క ముక్క తగ్గించలేదు. గుడిలో కేకలు లేచాయి. "మమ్మల్ని గోడ లెక్క నిలబెట్టినవు గదరా!" అని ఒకామె, "జ్ఞానమ్మ కన్ను నువ్వు తెస్తవా?" అని ఇంకొకామె. డాక్టరు అప్పటికే కుడికన్ను రాదని చెప్పేశాడు.

అయ్యగారు చాలాసేపు బల్ల చరిచాడు. "ఇది పాపం. పెళ్లికి అభ్యంతరం మాత్రం కాదు" అన్నాడు చివరికి. నా వైపు చూశాడు. సమ్మతం అన్నాను. ఆమె వైపు చూశాడు.

ఎలిశిబా తన కట్టు కట్టిన చేతిని చూసుకుంది. నన్ను చూడలేదు. నేను నా జీవితంలో మొదటిసారి ఏదీ తూచకుండా నిలబడ్డాను. తూచడానికి నా వైపు ఏమీ మిగల్లేదు.

"సమ్మతమే" అన్నది, బడిలో హాజరు పిలిచే గొంతుతో. "జ్ఞానమ్మ మా ఇంట్ల ఉంటది. అది అడగట్లే, చెప్తున్న."

ఆరాధన అయి బయటికి వచ్చేసరికి మెట్ల కింద ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముందు ఎవరు పట్టుకున్నారో తెలియదు. చొక్కా చిరిగింది. చెంపల మీద, వీపు మీద, మెడ మీద దెబ్బలు పడ్డాయి. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. సుశీల నా విరిగిన వేళ్ల మీదే కొట్టింది, కళ్లు బైర్లు కమ్మి మోకాళ్ల మీద పడ్డాను. ఎలిశిబా పై మెట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. ఒకామె గొడుగు కర్ర ఎత్తినప్పుడు మాత్రం దిగి వచ్చి మణికట్టు పట్టుకుంది.

"అక్కా, కట్టె వద్దు. చేతులతోని గొట్టు."

ఆ అక్క గొడుగు కింద పడేసి చేతులతోనే కొట్టింది. ఎలిశిబా పక్కకు జరిగి దారి ఇచ్చింది.

చాలా సేపటికి వాళ్లు అలసిపోయారు. ఆమె వచ్చి నా చంకలో చెయ్యి వేసి లేపింది. మళ్లీ దవాఖానకు నడిచాం. బుధవారం పెళ్లయింది. ఆ ఏడు మెదక్‌లో మా సంఘం ఇళ్లలో కేకు లేదు. నన్ను కొట్టినవాళ్లలో చాలామంది పెళ్లి విందుకు వచ్చి, అన్నం తిన్నారు గాని నాతో మాట్లాడలేదు.